బృందం వెళ్లిపోయాక వచ్చే సోమవారం

విదేశీ స్వచ్ఛంద సర్జన్ల బృందం ఒక చిన్న ఆసుపత్రికి వచ్చి వెళ్లాక బయటికి వచ్చే అంకె ఒక్కటే: వారంలో ఎన్ని ఆపరేషన్లు చేశారు. ఆ అంకె అబద్ధం కాదు. ఆపరేషన్ జరిగిన ప్రతి మనిషికీ అది చాలా పెద్ద సంగతి. కానీ బృందం వెళ్లింది నేర్పడానికైతే చూడాల్సిన లెక్క వేరే ఉంది. వాళ్లు విమానం ఎక్కిన తర్వాత వచ్చే సోమవారం, అక్కడి డాక్టరు, అక్కడి మత్తు నిపుణుడు, అక్కడి నర్సు కలిసి అక్కడున్న సామాన్లతోనే అదే ఆపరేషన్ చేశారా? ఆరు నెలలు గడిచాక నెలకు ఎన్ని చేస్తున్నారు? మొదటినుంచీ ఈ లెక్క మీదే గురి పెట్టుకుంటే ప్రయాణంలో దాదాపు ప్రతి నిర్ణయమూ మారిపోతుంది. ఏ ఆపరేషన్ నేర్పాలి, ఏ పెట్టెలు మోసుకెళ్లాలి అన్నవే కాదు, టేబుల్‌కు ఏ పక్కన నిలబడాలన్నది కూడా.

లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన కమిషన్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే ఖర్చులో శస్త్రచికిత్స, మత్తు వైద్యం అందుబాటులో లేవు. ప్రాణాలు, అవయవాలు కాపాడాలంటే ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు అదనంగా జరగాలి. వచ్చిపోయే బృందాలు ఎన్ని కలిసినా పూడ్చగల లోటు కాదిది. ఒక చిన్న లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక బృందం ఏడాదికి ఒక వారం వచ్చి రోజుకు 12 చొప్పున ఐదు రోజులు చేస్తే 60 ఆపరేషన్లు. స్థానిక సర్జన్ ఒక్కరు వారానికి మూడే చేసినా, 50 వారాలకు 150. పైగా ఆ సర్జన్ అర్ధరాత్రి కూడా అక్కడే ఉంటారు.

ఏది నేర్పాలి

వెళ్లే నిపుణుడికి బాగా వచ్చిన ఆపరేషన్ నేర్పాలనిపించడం సహజం. తప్పు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే లాపరోస్కోపీ బాగా వచ్చిన సర్జన్ దాన్నే నేర్పి వస్తే, ఆ పని సాగడానికి కెమెరా, మానిటర్, లైట్ కేబుల్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అన్నీ ఒకేసారి పనిచేస్తూ ఉండాలి. సిలిండర్ నింపేవాళ్లు ఆ ఊళ్లో లేకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. ఈలోగా అదే ఆసుపత్రికి టైఫాయిడ్‌తో పేగు చిల్లుపడిన రోగి వస్తాడు. పొట్ట తెరిచి, చీము కడిగి, పేగు అంచులు కుట్టడం నేర్పి ఉంటే ఆ రాత్రి అక్కరకొచ్చేది.

లాన్సెట్ కమిషన్ మూడు ఆపరేషన్లను గీటురాళ్లుగా తీసుకుంది: సిజేరియన్, పొట్ట తెరిచి చేసే లాపరాటమీ, చర్మం చీల్చుకుని ఎముక బయటపడిన విరుపుకు వైద్యం. ఈ మూడూ నమ్మకంగా చేయగల ఆసుపత్రిలో మిగతా సాధారణ శస్త్రచికిత్సలు కూడా జరిగే వీలుంటుంది. ఎందుకంటే వీటికి కావలసిన మత్తు, రక్తం, స్టెరిలైజేషన్, రాత్రి డ్యూటీ సిబ్బంది మిగతావాటికీ కావాలి. జిల్లా స్థాయి ఆసుపత్రికి వెళ్లే బృందం ముందుగా థియేటర్ రిజిస్టర్ తెప్పించుకుని, గత ఏడాది ఏ రోగులను పై ఆసుపత్రికి పంపేశారో చూస్తే చాలు. నేర్పాల్సిన పాఠం ఆ పేజీల్లోనే ఉంటుంది.

కంటిశుక్లం ఇందుకు మంచి ఉదాహరణ. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని కరిగించే ఫేకో యంత్రం ఖరీదైనది. దాని విడి భాగాలు, ద్రావణాలు కూడా ఖరీదే. కంటి సర్జన్లు సందుక్ రుయిత్, జెఫ్రీ టాబిన్ 1995లో మొదలుపెట్టిన హిమాలయన్ కేటరాక్ట్ ప్రాజెక్టు ఎంచుకున్న దారి, కుట్లు అక్కర్లేని చిన్న కోత పద్ధతి. కంటి తెల్లగుడ్డు పొరలో సొరంగంలా కోసి, శుక్లం గింజను చేత్తోనే బయటికి తీసి, కృత్రిమ లెన్స్ పెడతారు. సొరంగం తనంతట తానే మూసుకుంటుంది. ఖాట్మండూలోని తిల్‌గంగా సంస్థలో లెన్సుల తయారీ కూడా మొదలుకావడంతో పద్ధతి, సరుకు రెండూ అక్కడే దొరికాయి. పద్ధతి నేర్పి, లెన్స్ మాత్రం విమానంలో రావాల్సిందేనంటే ఆ నేర్పు ఎక్కువ కాలం నిలబడేది కాదు.

పెట్టెల్లో ఏముండాలి

రేపు అక్కడ దొరకనిదేదీ ఈరోజు వాడకూడదన్నది మంచి నియమం. ఖరీదైన దారం, ఒక్కసారి వాడి పారేసే స్టేప్లర్, కోత అంచులను పట్టి ఉంచే ప్రత్యేకమైన రిట్రాక్టర్ వాడి నేర్పిస్తే, నేర్చుకున్న చేయి వాటికే అలవాటు పడుతుంది. అవి అయిపోయిన రోజున ఆ ఆపరేషన్ కూడా ఆగిపోతుంది.

ఎముకల వైద్యంలో సైన్ ఫ్రాక్చర్ కేర్ అనే సంస్థ ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. అమెరికాలోని రిచ్‌లాండ్ కేంద్రంగా 1999లో లూయిస్ జర్కిల్ అనే సర్జన్ దాన్ని స్థాపించారు. తొడ ఎముక విరిగితే లోపల ఉక్కు కడ్డీ (నెయిల్) దించి, పైనా కిందా స్క్రూలతో బిగించాలి. మామూలుగా ఆ స్క్రూ రంధ్రం ఎక్కడుందో చూడటానికి ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపించే సీ ఆర్మ్ యంత్రం కావాలి. చాలా ఆసుపత్రుల్లో అది ఉండదు, ఉన్నా చెడిపోయి ఉంటుంది. సైన్ నెయిల్‌కు బయటినుంచి ఒక ఉక్కు చేయి తగిలిస్తారు. అది రంధ్రానికి సరిగ్గా ఎదురుగా గురి చూపిస్తుంది. తర్వాత ఒక సన్నని పరికరాన్ని లోపలికి పంపి, నెయిల్‌లోని గాడి తగిలిందా లేదా అన్నది సర్జన్ స్పర్శతోనే తేల్చుకుంటారు. అంతకన్నా మెచ్చుకోవాల్సింది దీని సరఫరా పద్ధతి. స్థానిక సర్జన్ ప్రతి కేసు ఎక్స్‌రేలనూ ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు, వాటిని చూసి అనుభవజ్ఞులు సూచనలిస్తారు, నమోదైన కేసులను బట్టి కొత్త నెయిళ్లు వస్తాయి. పర్యవేక్షణ, సరుకు, రోగి తర్వాతి పరిస్థితి మీద నిఘా ఈ మూడూ ఒకే తాడుకు ముడిపడ్డాయి.

హెర్నియాలో పొట్ట గోడకు ఆసరాగా కుట్టే మెష్ (వల) సంగతి కూడా ఇలాంటిదే. కంపెనీ మెష్ ఖరీదు పేద ఆసుపత్రికి అందదు. దోమతెరకు వాడే పాలిథిలీన్ వలను శుభ్రం చేసి, ముక్కలుగా కత్తిరించి, స్టెరిలైజ్ చేసి వాడొచ్చా అని తూర్పు ఉగాండాలో 302 మంది పురుషుల మీద పరీక్షించారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత హెర్నియా తిరగబెట్టడంలోగానీ, ఇతర ఇబ్బందుల్లోగానీ కంపెనీ మెష్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పురుగుమందు పూసిన తెర పనికిరాదు. స్టెరిలైజేషన్ 121 డిగ్రీల సెల్సియస్ దగ్గరే చేయాలి. 134 డిగ్రీల వేగవంతమైన సైకిల్ పెడితే పాలిథిలీన్ కరిగి ముడుచుకుపోతుంది. ఈ రెండో సంగతి సర్జన్‌కు చెబితే చాలదు, ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం, ఆటోక్లేవ్, నడిపే మనిషికి చెప్పాలి.

దానంగా వచ్చే యంత్రాల విషయంలో కాస్త కఠినంగానే ఉండాలి. వనరులు తక్కువ ఉన్న 16 దేశాల ఆసుపత్రి పరికరాల జాబితాలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 38 శాతం పరికరాలు పనిచేయడం లేదని తేలింది. కారణాలు అంతుపట్టనివేమీ కావు. 110 వోల్టుల యంత్రాన్ని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మొదటి రోజే కాలిపోతుంది. కొత్త తరం మత్తు యంత్రానికి గోడలోంచి గొట్టం ద్వారా ఒత్తిడితో ఆక్సిజన్ రావాలి. ఆ గొట్టమే లేని చోట అది సామాన్లు పెట్టుకునే బల్ల అవుతుంది. మాన్యువల్ వేరే భాషలో ఉంటుంది, ఫిల్టర్ ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ప్రయాణానికి కొన్ని నెలల ముందే అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి. కరెంటు రోజుకు ఎన్ని గంటలు, జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటుంది, ఆక్సిజన్ సిలిండర్లా, గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సెంట్రేటర్లా, రక్తం ఎంత సేపట్లో వస్తుంది, ఆపరేషన్ తర్వాత రోగిని గమనించడానికి మంచాలు ఎన్ని, రాత్రి ఎంతమంది నర్సులు. వీటితో పాటు ఆ దేశపు వైద్య మండలి ఇచ్చే తాత్కాలిక రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మంచి మనసుతో వచ్చామన్నది లైసెన్సుకు బదులు కాదు.

మత్తు: అందరూ మరిచిపోయే సగం

బృందంలో నలుగురు సర్జన్లు, ఒక మత్తు డాక్టరు ఉంటే ఆ కూర్పే తప్పు. వనరులు తక్కువున్న ఆసుపత్రుల్లో టేబుల్ మీద ప్రాణం పోవడానికి కోతే కాదు, మత్తు కూడా కారణమవుతుంది. చాలాచోట్ల మత్తు ఇచ్చేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన నర్సో క్లినికల్ ఆఫీసరో. వాళ్లే అసలు విద్యార్థులు.

ఇక్కడ మొదటి పాఠం, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సిమీటర్. 2011లో మొదలైన లైఫ్‌బాక్స్ సంస్థ చేపట్టిన మొదటి పని, దెబ్బలకు తట్టుకుని బ్యాటరీతో నడిచే ఆక్సిమీటర్లను శిక్షణతో కలిపి అందించడం. రోగి నీలంగా మారేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. పైగా ముదురు చర్మం మీద ఆ రంగు తెలియదు. రీడింగ్ 90 కిందికి జారిందంటే ఆ తర్వాత పతనం చాలా వేగంగా ఉంటుంది. కాబట్టి 94 దగ్గరే చేతులు కదలాలి. కదలాల్సిన క్రమం నోటికి రావాలి: ముందు ఆక్సిజన్ పూర్తిగా పెంచు, శ్వాసమార్గం తెరిచి ఉందా చూడు, రెండు ఊపిరితిత్తుల్లోనూ గాలి వినిపిస్తోందా విను, నాడి, రక్తపోటు చూడు, తర్వాత మందుల సంగతి, చివర పరికరం. కొత్తవాళ్లు ఎప్పుడూ చివరిదాంతోనే మొదలుపెడతారు. వేలికి పెట్టిన క్లిప్ సర్దుతూ, అది జారి ఉంటుందిలే అనుకుంటారు. ఆ నిమిషమే ఖరీదైనది.

ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ గాలిలోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికలతో పట్టేసి, దాదాపు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది. కరెంటు పోయిన క్షణంలో అదీ ఆగిపోతుంది గనుక పక్కన నిండు సిలిండర్ ఉండాల్సిందే. అది చెడిపోవడానికి ముఖ్య కారణం దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్. వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టే పనిని ఒక మనిషి పేరు మీద రాసి పెట్టకపోతే ఎవరూ చేయరు. యంత్రం వేడెక్కుతుంది, గుళికలకు తేమ పడుతుంది, గాలి వస్తూనే ఉంటుంది గానీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చప్పుడు మామూలుగానే ఉండటం వల్ల ఎవరికీ అనుమానం రాదు.

సిజేరియన్‌కు వెన్నులో మత్తు నేర్పేటప్పుడు సూది ఎక్కడ గుచ్చాలన్నది త్వరగానే వచ్చేస్తుంది. కష్టమైనది ఆ తర్వాతి పది నిమిషాలు. బీపీ పడిపోతుందని ముందే ఊహించి, టేబుల్‌ను ఎడమవైపు వంచి, సెలైన్ నడుస్తూ ఉండగా, బీపీ పెంచే మందును సిరంజిలో ఎక్కించి పేరు రాసి చేతికందేలా పెట్టుకోవాలి. మత్తు పైకెక్కి ఊపిరి ఆడకపోతే శ్వాస అందించే బ్యాగ్, మాస్క్, ట్యూబు సిద్ధంగా ఉండాలి. బ్యాగ్ మరో గదిలో బీరువాలో తాళం వేసి ఉందన్న కబురు ఆ సమయంలో తెలియకూడదు.

టేబుల్ దగ్గర

మొదటి రోజు అతిథి బృందం కత్తి పట్టకుండా ఉంటే మేలు. స్థానిక బృందం మామూలుగా ఎలా చేస్తుందో నిలబడి చూడాలి. ఏ పని ఎందుకు అలా చేస్తున్నారో అడగాలి. చాలాసార్లు దానికి గట్టి కారణమే ఉంటుంది.

తర్వాత ఆపరేషన్‌ను మెట్లుగా విడదీయాలి. మెష్ పెట్టి చేసే హెర్నియానే తీసుకుంటే: చర్మం కోత, పైపొర కండరపు పట్టీ తెరవడం, దాని కింద పాకే నరాన్ని గుర్తించి కాపాడటం, వీర్యనాళపు తాడును చుట్టూ విడదీసి ఎత్తడం, సంచిని వేరుచేసి లోపలికి నెట్టడం, మెష్ బిగించడం. నేర్చుకునేవాళ్లు తడబడేది రెండు చోట్ల. సంచిని తాడు నుంచి వేరు చేసేటప్పుడు తొందరపడి రక్తనాళాలు చింపుతారు. మెష్‌ను జఘనాస్థి (పొత్తికడుపు కింది ఎముక) ముడి మీదుగా ఒకటి రెండు సెంటీమీటర్లు దాటించకుండా సరిగ్గా అంచున కుడతారు. కొన్ని నెలలకు హెర్నియా తిరగబెట్టేది సరిగ్గా ఆ మూలనుంచే. బృందం వెళ్లిపోయాక కనిపించే తప్పు గనుక దీన్ని టేబుల్ మీదే పట్టుకోవాలి.

బోధనలో నాలుగు దశలు ఉంటాయి. చేస్తూ చెప్పడం, చేయి పట్టుకుని చేయించడం, అసిస్టెంటుగా ఎదురుగా నిలబడి దారి చూపడం, చేతులు కట్టుకుని చూడటం. నేర్చుకునే డాక్టరు సర్జన్ నిలబడే పక్కన నిలబడాలి, నేర్పేవారు ఎదుటి పక్కకు మారాలి. ఏ క్షణంలో కత్తి వెనక్కి తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. ఆగని రక్తస్రావం, గుర్తుపట్టలేని శరీర భాగం, మత్తు డాక్టరు నుంచి హెచ్చరిక. ముందే చెప్పకుండా లాక్కుంటే సొంత ఆసుపత్రి సిబ్బంది ఎదుట ఆ డాక్టరు పరువు పోతుంది. తర్వాత వాళ్లు ఆ ఆపరేషన్ జోలికే పోకపోవచ్చు. ఇలా నేర్పితే ఒక్కో కేసుకు రెట్టింపు సమయం పడుతుంది. రోజుకు ఎనిమిదికి బదులు నాలుగే అవుతాయి. దాతలకు పంపే నివేదికలో ఆ నాలుగే రాయాలి.

కొన్ని బృందాలు తమ దేశపు జూనియర్ డాక్టర్లను వెంట తెచ్చి, టేబుల్ దగ్గర చోటు వాళ్లకే ఇస్తాయి. స్థానిక జూనియర్లు గోడకు ఆనుకుని చూస్తుంటారు. దీన్ని శిక్షణ అనడానికి వీల్లేదు. అక్కడి రోగుల మీద వేరే దేశపు డాక్టర్లు చేయి తిప్పుకోవడం అవుతుంది.

వారం క్రమం గురించి ఒక మాట. పేగు కుట్టు విడిపోవడం సాధారణంగా ఐదు నుంచి ఏడో రోజు మధ్య బయటపడుతుంది. గాయంలో చీము ఆ తర్వాతైనా రావచ్చు. అంగిలి చీలిక సరిచేసిన పిల్లలకు రక్తస్రావం, ఊపిరి ఇబ్బంది మొదటి రాత్రే ముప్పు. కాబట్టి పెద్ద ఆపరేషన్లు వారం మొదటి సగంలోనే ముగించాలి. చివరి రెండు రోజులు చిన్నవి, వార్డు రౌండ్లు, తరగతులు. ఆఖరి సాయంత్రం పెద్ద కేసు చేసి, రాత్రి విమానం ఎక్కడం క్షమించరానిది. ఆ రోగికి వారం తర్వాత జ్వరం వస్తే పొట్ట మళ్లీ తెరవాల్సింది స్థానిక డాక్టరే. ఊళ్లో మాట పడేది కూడా ఆయనే.

సర్జన్ కానివాళ్లు

స్టెరిలైజేషన్ గదిని అతిథులు తొంగి చూడరు. చూస్తే చాలా ఇన్ఫెక్షన్లకు మూలం అక్కడే దొరుకుతుంది. ఆటోక్లేవ్‌లో మూటలు కుక్కి పెడితే ఆవిరి మధ్యకు చేరదు. మూట కట్టిన పరికరాలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కావాలి. ఆ లెక్క లోపలి వేడి ఆ డిగ్రీకి చేరాకే మొదలవుతుంది, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. తడిగా బయటికి వచ్చిన మూట శుభ్రమైనది కాదు. తడి గుడ్డ గుండా క్రిములు లోపలికి పాకుతాయి. మూట పైన అంటించిన టేపు రంగు మారితే అది వేడికి గురైందని మాత్రమే అర్థం. మూట నడిబొడ్డున సూచిక పెడితేనే లోపలి సంగతి తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన భద్రతా చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసి 2009లో ప్రచురించిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కాగితం మాత్రం ఎక్కడైనా అతికించవచ్చు. అది పనిచేయకపోవడానికి కారణం, నర్సు చదువుతుంటే సర్జన్ ఆగకపోవడం. చివరికి అది ఆపరేషన్ అయ్యాక టిక్కులు పెట్టే ఫారంగా మిగిలిపోతుంది. అతిథి సర్జన్ చేయగల మంచి పని, స్థానిక నర్సు గట్టిగా చదువుతున్నంత సేపు కత్తి కింద పెట్టి, తన పేరు చెప్పి, ఆమె అడిగినదానికి జవాబివ్వడం. దాన్ని స్థానిక సీనియర్ డాక్టరు చూస్తే చాలు.

నేర్చుకునేది డాక్టరే కానక్కర్లేదని కూడా ఎప్పుడో రుజువైంది. మొజాంబిక్ 1984 నుంచే డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు శస్త్రచికిత్స నేర్పుతోంది. సియెర్రా లియోన్‌లో 2011 నుంచి కాపాకేర్ సంస్థ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు మూడేళ్ల శిక్షణ ఇస్తోంది. అక్కడ నేర్పేందుకు వచ్చే స్వచ్ఛంద సర్జన్లు ఆ మూడేళ్ల పాఠ్యక్రమంలో ఒక భాగం మాత్రమే. ఇథియోపియాలో 1974లో అడిస్ అబాబా ఫిస్టులా (కాన్పు కష్టమై మూత్రాశయానికి పడే చిల్లు) ఆసుపత్రిని నెలకొల్పిన హామ్లిన్ దంపతులకు మమితు గాషే అనే మహిళ ఒకప్పటి రోగి. బడికి వెళ్లని ఆమె ఏళ్ల తరబడి టేబుల్ పక్కన నిలబడి నేర్చుకుని నిపుణురాలైన ఫిస్టులా సర్జన్ అయ్యారు. ఆ చేతి నేర్పు వెనుక ఉన్నది ఏళ్లే, వారాలు కాదు.

తక్కువ రోజుల్లో పని జరగాలంటే మంచి నమూనా, తీవ్ర గాయాలకు తొలి వైద్యం నేర్పే ప్రైమరీ ట్రామా కేర్ కోర్సు. 1997లో ఫిజీలో మొదలైంది. బయటి శిక్షకులు రెండు రోజులు కోర్సు చెబుతారు. మూడో రోజు బాగా రాణించినవారికి ఎలా బోధించాలో నేర్పుతారు. నాలుగు, ఐదు రోజుల్లో కొత్త శిక్షకులే కొత్త బ్యాచ్‌కు చెబుతారు, బయటివాళ్లు వెనక కూర్చుంటారు. ఐదు రోజుల్లోనే బోధన చేతులు మారుతుంది.

సర్టిఫికెట్ల విషయంలో కూడా ఆలోచన ఉండాలి. బృందం ఇచ్చే అందమైన కాగితం ఆ దేశంలో ఉద్యోగానికో ప్రమోషన్‌కో అక్కరకు రాకపోతే దాని విలువ గోడకే. 1999లో ఏర్పడిన తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా సర్జన్ల కళాశాల లాంటి ప్రాంతీయ సంస్థ లాగ్‌బుక్కులో ఆ వారం కేసులు చేరేలా ముందే మాట్లాడుకోవాలి. సొంత ప్రాంతంలో చదువు, పరీక్ష ఉంటే మనుషులు నిలబడతారు కూడా. ఆ కళాశాల పట్టభద్రుల్లో దాదాపు 85 శాతం మంది శిక్షణ పొందిన దేశంలోనే పనిచేస్తున్నట్టు తేలింది.

ఇంతా చేశాక కార్యక్రమాన్ని కూల్చేది తరచుగా ఒక బదిలీ ఉత్తర్వు. శిక్షణ పొందిన ఒకే ఒక్క సర్జన్ రాజధానికి వెళ్లిపోతే మూడేళ్ల పని తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ప్రతి పనికీ ఇద్దరేసి ఉండాలి: ఇద్దరు సర్జన్లు, మత్తు ఇచ్చేవాళ్లు ఇద్దరు, పరికరాలు అందించే స్క్రబ్ నర్సులు ఇద్దరు, ఆటోక్లేవ్ దగ్గర ఇద్దరు, పరికరాలు బాగుచేసే టెక్నీషియన్ కనీసం ఒకరు. ఫలానా కాలం వరకు వీళ్లను కదిలించబోమన్న హామీ ఆసుపత్రి అధికారుల నుంచి, వీలైతే ఆరోగ్యశాఖ నుంచి, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏటా అదే ఆసుపత్రికి, అదే మనుషుల దగ్గరికి వెళ్లాలి. వెళ్లగానే తెరవాల్సింది థియేటర్ రిజిస్టర్. గత పన్నెండు నెలల్లో ఆ ఆపరేషన్ ఎన్నిసార్లు జరిగింది, చేసినవారి గడిలో ఎవరి పేరుంది, మత్తు ఇచ్చినవారి గడిలో ఎవరి పేరుంది, 30 రోజుల్లోపు ఎంతమంది తిరిగి వచ్చారు. ఆ గడులను చదివాకే పెట్టెలు విప్పాలి.